సర్వర్‌లో ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పెట్టాలి? మీ లైనక్స్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి, సర్వర్ పెట్టుకున్నాం సరే, పదిమందికీ అందించే ఫైళ్లు ఎక్కడ పెట్టాలి అని. అందుకే మిగతావి పక్కన పెట్టి వాటికే జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంటే డెబియన్ లైనక్స్ వేసి సర్వర్ చేద్దామనుకుంటున్నామండీ. నోట్స్ పీడీఎఫ్‌లు, ప్రాక్టికల్ వీడియోలు పిల్లలకి బ్రౌజర్‌లో ఓపెన్ అవ్వాలి, అవే ఫైళ్లు మా స్టాఫ్‌కి విండోస్ సిస్టమ్స్‌లో షేర్డ్ ఫోల్డర్‌లా కనపడాలి. ఒకరు /వార్/ట్రిపుల్‌డబ్ల్యూలో పెట్టమంటున్నారు, ఒకరు /హోమ్‌లోనే ఉంచేయమంటున్నారు, ఇంకొకరు /ఆప్ట్ అంటున్నారు. ఏది కరెక్ట్? (లెక్చరర్, ఖమ్మం)

జవాబు: ముందు జవాబు చెప్పేస్తానండీ, మీ ముగ్గురు స్నేహితులూ చెప్పని నాలుగోది, /ఎస్ఆర్‌వి (/srv). డెబియన్ వేయగానే రూట్ (అన్ని ఫోల్డర్లకీ మొదలు) కింద ఖాళీగా కనపడుతుంది, చాలామంది అదేంటో తెలీక అలాగే వదిలేస్తారు, కానీ అది ఉన్నదే మీలాంటి వాళ్ల అవసరం కోసం.

లైనక్స్‌లో ఏ ఫోల్డర్ దేనికో రాసిపెట్టిన డాక్యుమెంట్ ఒకటుంది, ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అంటారు, పొట్టిగా ఎఫ్‌హెచ్‌ఎస్. 1994లో వేరే పేరుతో మొదలైంది, 2004లో వచ్చిన 2.3 వెర్షన్‌లో ఈ /ఎస్ఆర్‌వి చేరింది, 2015లో వచ్చిన 3.0లోనూ అలాగే ఉంది. ఈ మెషీన్ బయటివాళ్లకి అందించే డేటా ఇక్కడ పెట్టుకోండి అని అందులో రాసుంది. ఎందుకు పెట్టారో కూడా చెప్పారు, ఒక సర్వీసుకి చదవడానికి మాత్రమే ఉండే ఫైళ్లు, రాయాల్సిన ఫైళ్లు, స్క్రిప్టులు అన్నీ ఒకే చెట్టు కింద ఉండాల్సి వస్తే వాటిని ముక్కలు చేసి తలా ఒక చోట పెట్టకుండా ఒక్కచోటే ఉంచుకోవడానికి, ఇంకా కొత్తగా వచ్చిన మనిషి కూడా డేటా ఎక్కడుందో వెతుక్కోకుండా దొరకబుచ్చుకోవడానికి. మీ కాలేజీలో మీరు ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఆ మెషీన్ చూసుకునే వాళ్లకి ఈ రెండో సంగతి చాలా పనికొస్తుంది.

నేనైతే ఏ ఫోల్డర్ చూసినా ఒకటే అడుగుతా, ఇది ఎవరిది అని. /యూఎస్ఆర్/లోకల్ తప్ప మిగతా /యూఎస్ఆర్ అంతా సాఫ్ట్‌వేర్ వేసి అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్‌ది, అప్‌డేట్ వచ్చినప్పుడు అక్కడ దాని ఇష్టం. /వార్/లిబ్ ఆయా ప్రోగ్రాములది, డేటాబేస్ తన ఫైళ్లు అక్కడ పెట్టుకుంటుంది, మనం చెయ్యి పెట్టకూడదు. /హోమ్ మనుషులది, ఒక్క యూజర్‌కి మాత్రమే సంబంధించిన డేటా అతని హోమ్‌లో ఉండాలని ఎఫ్‌హెచ్‌ఎస్సే చెబుతుంది, దాన్నిబట్టే చూడండి, పదిమందికి సంబంధించింది అక్కడ ఉండకూడదనేగా. /ఆప్ట్ అనేది డిస్ట్రో (డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్ రకం) బయటినుంచి తెచ్చి వేసుకునే సాఫ్ట్‌వేర్ కోసం, ప్రోగ్రామ్ కోసం, మీ పీడీఎఫ్‌ల కోసం కాదు. ఇక మిగిలింది /ఎస్ఆర్‌వి, అది అడ్మిన్‌ది, అంటే మీది. మీరు అక్కడ పెట్టినవాటిని మీ అనుమతి లేకుండా డిస్ట్రో తీసెయ్యకూడదని ఆ డాక్యుమెంట్‌లో స్పష్టంగా ఉంది, అలాగే లోపల ఫలానా సబ్‌ఫోల్డర్ ఉంటుందని ఏ ప్రోగ్రామూ ఆశించకూడదనీ ఉంది. ఈ రెండు మాటల వల్లే నాకు ఆ ఫోల్డర్ అంటే అంత నమ్మకం.

అలాగని /వార్/ట్రిపుల్‌డబ్ల్యూ తప్పని చెప్పట్లేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వీటన్నిటిలో అపాచీ అనే వెబ్‌సర్వర్ డిఫాల్ట్‌గా చూసేది /వార్/ట్రిపుల్‌డబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్ నే. డెబియన్‌లో వెర్షన్ 8కి ముందు ఆ చివరి హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ ఉండేది కాదు, నేరుగా ట్రిపుల్‌డబ్ల్యూనే బయటికి కనపడేది, పాత ట్యుటోరియల్స్ చూసి చేసేవాళ్లకి ఇక్కడే తికమక వస్తుంది. ఓపెన్‌సూసే వాళ్లు మాత్రం వెబ్ ఫైళ్లని కూడా /ఎస్ఆర్‌వి/ట్రిపుల్‌డబ్ల్యూ లోపలే పెడతారు, ఆర్చ్ వాళ్లది /ఎస్ఆర్‌వి/హెచ్‌టీటీపీ. డెబియన్ కూడా వెబ్ వరకు పాత అలవాటు ఉంచుకుంది గానీ ఎఫ్‌టీపీకి, నెట్‌వర్క్ బూట్‌కి వాడే టీఎఫ్‌టీపీకి /ఎస్ఆర్‌వి కిందే ఫోల్డర్లు ఇస్తుంది. ఒకే ఒక్క వెబ్‌సైట్, వేరే ఏ సర్వీసూ దాన్ని ముట్టుకోదు అంటే డిఫాల్ట్ వదిలి ఎక్కడికో పోనక్కర్లేదు. మీకు ఒకే ఫైళ్లని అపాచీ, విండోస్‌కి షేర్డ్ ఫోల్డర్లు ఇచ్చే సాంబా రెండూ అందించాలి కాబట్టి చెబుతున్నా.

లోపల ఎలా పేర్చాలి అంటే, ప్రోటోకాల్‌ని బట్టి వెబ్, ఎఫ్‌టీపీ అని విడగొట్టొచ్చు లేదా డిపార్ట్‌మెంట్‌ని బట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ అని పెట్టి వాటి లోపల విడగొట్టొచ్చు, ఎఫ్‌హెచ్‌ఎస్ రెండిటికీ ఒప్పుకుంటుంది. కాలేజీకి రెండోదే నయం, ఎందుకంటే ఫిజిక్స్ వాళ్ల ఫోల్డర్‌కి అనుమతులు ఒకసారి ఇచ్చేస్తే లోపల ఏమున్నా వాళ్లే చూసుకుంటారు, బ్యాకప్ కూడా డిపార్ట్‌మెంట్ వారీగా తీసుకోవచ్చు.

ఇప్పుడు మీకు కచ్చితంగా ఎదురయ్యేది చెబుతా. డెబియన్ అపాచీ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో మొత్తం రూట్‌కి యాక్సెస్ వద్దని ఉంటుంది, /వార్/ట్రిపుల్‌డబ్ల్యూకి సరే అని ఉంటుంది, దాని కిందే /ఎస్ఆర్‌వికి సంబంధించిన కొన్ని లైన్లు కామెంట్ చేసి (పనిచేయకుండా ఆపి) ఉంటాయి. అవి చూడకుండా సైట్ పెట్టేస్తే 403 (అనుమతి లేదు) అనే ఎర్రర్ వస్తుంది, అందరూ పర్మిషన్ల మీద పడతారు. కామెంట్ తీసేయొచ్చు, కానీ అప్పుడు /ఎస్ఆర్‌వి మొత్తానికి అపాచీకి ఒప్పుకున్నట్టే, రేపు పిల్లల అసైన్‌మెంట్లు కూడా అదే చెట్టు కింద ఉంటాయి కాబట్టి అది వద్దు, మీ సైట్ కాన్ఫిగ్ ఫైల్‌లో సరిగ్గా ఆ వెబ్ ఫోల్డర్ ఒక్కదానికే ఇవ్వండి.

ఓనర్ సంగతి కూడా, ఫైళ్లని వెబ్‌సర్వర్ యూజర్ పేరు మీద పెట్టమని చాలాచోట్ల చెబుతుంటారు, అలా చెయ్యొద్దు. అపాచీ చదివితే చాలు, రాయాల్సిన పని లేదు, రాయగలిగితే రేపు ఏ పీహెచ్‌పీ ప్రోగ్రామ్‌లో బొక్క దొరికినా లోపలికి దూరినవాడు మీ పేజీలన్నీ మార్చేయగలడు. స్టాఫ్‌కి ఒక గ్రూప్ చేసి, ఫోల్డర్లని ఆ గ్రూప్‌కి ఇచ్చి, ఫోల్డర్లకు మాత్రం 2775 పెట్టండి. ముందున్న ఆ 2 వల్ల లోపల ఎవరు కొత్త ఫైల్ పెట్టినా గ్రూప్ అదే వస్తుంది, అది లేకపోతే ఒక మేడమ్ పెట్టిన ఫైల్‌ని ఇంకో సార్ మార్చలేకపోవడం, మీకు ఫోన్ రావడం, ఇదే పని అయిపోతుంది. సాంబాలో కూడా కొత్త ఫైళ్లకి 0664, కొత్త ఫోల్డర్లకి 2775 వచ్చేలా మాస్కులు సెట్ చేయండి.

ఇంకొక్కటి, వీలైతే /ఎస్ఆర్‌వికి వేరే పార్టిషన్ గానీ వేరే డిస్క్ గానీ ఇవ్వండి. వీడియోలు నిండిపోయి రూట్ పార్టిషన్ ఫుల్ అయితే లాగ్‌లు రాయలేదు, డేటాబేస్ రాయలేదు, ఒక్కో సర్వీసు పడిపోతుంది. విడిగా ఉంటే నిండేది అదొక్కటే. రేపు డెబియన్ మళ్లీ వేయాల్సి వచ్చినా ఆ పార్టిషన్ ఫార్మాట్ చేయకుండా పక్కన ఉంచి వేసుకోవచ్చు, అయితే బ్యాకప్ తీసుకునే వేయండి.

ప్రశ్న: ఉబుంటులో నా హోమ్ ఫోల్డర్ లోపల ప్రాజెక్ట్ పెట్టుకుని ఎన్‌జింక్స్ వెబ్‌సర్వర్‌లో ఆ పాత్ ఇచ్చేవాడిని, ఏళ్ల తరబడి పనిచేసింది. కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త ఉబుంటు వేసి అదే కాన్ఫిగ్ కాపీ చేస్తే 403 ఫర్‌బిడెన్. ఫైల్‌కి 777 ఇచ్చినా అదే. ఏమైంది? (బీటెక్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: ఉబుంటు 21.04 నుంచి కొత్తగా క్రియేట్ అయ్యే యూజర్ హోమ్‌కి 750 పర్మిషన్ ఇస్తోంది, అంతకుముందు 755 ఉండేది. అంటే మీ హోమ్‌లోకి మీరు, మీ గ్రూపు తప్ప ఇంకెవరూ రాలేరు, ఎన్‌జింక్స్ నడిచేది వేరే యూజర్ కింద కాబట్టి దానికి గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది. లోపలున్న ఫైల్‌కి 777 కాదు ఏమిచ్చినా లాభం లేదు, ఎందుకంటే ఒక ఫైల్ చదవాలంటే రూట్ నుంచి ఆ ఫైల్ దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, ఫోల్డర్‌కి ఎగ్జిక్యూట్ అంటే దాటి వెళ్లనివ్వడం. ఎక్కడ ఆగిందో చూడాలంటే నేమ్‌ఐ అనే కమాండ్‌కి మైనస్ ఎల్ పెట్టి మొత్తం పాత్ ఇవ్వండి, వరసగా ఒక్కో మెట్టు పర్మిషన్ చూపిస్తుంది, ఈ కమాండ్ దాదాపు ప్రతి డిస్ట్రోలో ఉంటుంది, తెలిసినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

హోమ్‌ని మళ్లీ 755 చేసేస్తే పనిచేస్తుంది, చాలామంది ఇచ్చే సలహా కూడా అదే, నేను మాత్రం వద్దంటా. మీ బ్రౌజర్ సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్, ఎక్కడెక్కడో టెక్స్ట్ ఫైల్‌లో రాసుకున్న టోకెన్లు అన్నీ ఉండే చోటు అది, ఉబుంటు వాళ్లు ఆలోచించే మూశారు. పైగా ఇది తెరిచినా సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో ప్రొటెక్ట్‌హోమ్ అనే సెట్టింగ్ ఉంది, ఏదైనా సర్వీసుకి అది ఆన్ చేసి ఉంటే పర్మిషన్‌తో సంబంధం లేకుండా ఆ సర్వీసుకి /హోమ్ అసలు కనపడదు, డెబియన్‌లో మరియాడీబీ డేటాబేస్ ఇలాగే వస్తుంది. ముందు ముందు ఇలా మూసుకునే సర్వీసులు పెరుగుతాయి తప్ప తగ్గవు. కాబట్టి ప్రాజెక్ట్‌ని /ఎస్ఆర్‌వి కిందకి మార్చి, ఆ ఫోల్డర్ ఓనర్‌గా మీ యూజర్‌నే పెట్టుకోండి, అప్పుడు సుడో (అడ్మిన్ హక్కు) లేకుండానే మీ ఎడిటర్‌లో రాసుకుంటారు, ఎన్‌జింక్స్ చదువుకుంటుంది. హోమ్‌లో షార్ట్‌కట్ కావాలంటే సిమ్‌లింక్ హోమ్ నుంచి /ఎస్ఆర్‌వి వైపు పెట్టండి, తిరగేసి పెడితే మళ్లీ పాత సమస్యే.

మార్చేటప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని వెబ్‌రూట్‌గా ఇవ్వొద్దు. లోపల పబ్లిక్ అని ఒక సబ్‌ఫోల్డర్ చేసి అదొక్కటే ఎన్‌జింక్స్‌కి చూపించండి. గిట్ హిస్టరీ ఫోల్డర్, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే ఎన్విరాన్‌మెంట్ ఫైల్, ఎప్పుడో తీసిన డేటాబేస్ డంప్ ఇవన్నీ పబ్లిక్‌కి బయట ఉండాలి. ఇంటర్నెట్‌లో బాట్లు రాత్రీపగలూ ఇలాంటి పేర్ల కోసమే సైట్లు తడుముతుంటాయి, ఏ చిన్న సర్వర్ లాగ్ తెరిచి చూసినా మీకే కనపడుతుంది.

ప్రశ్న: నేను ఎన్‌జింక్స్ వాళ్ల సొంత రిపాజిటరీ నుంచి ఎన్‌జింక్స్ వేసుకున్నా. అందులో డిఫాల్ట్ పేజీ /యూఎస్ఆర్/షేర్/ఎన్‌జింక్స్/హెచ్‌టీఎంఎల్‌లో ఉంటే దాన్నే ఎడిట్ చేసి మా షాప్ పేజీ పెట్టా. మొన్న అప్‌డేట్ అయ్యాక మళ్లీ వెల్కమ్ టు ఎన్‌జింక్స్ అని వస్తోంది. (విజయవాడ)

జవాబు: మీ పేజీ పోయిందండీ, అప్‌డేట్ దాని మీద తన ఫైల్ రాసేసింది. /యూఎస్ఆర్‌లో ఉన్న ఫైల్ ప్యాకేజీది, దాన్ని మనం మార్చినా ప్యాకేజీకి తెలీదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. /ఈటీసీలో కాన్ఫిగ్ ఫైళ్లయితే డెబియన్, ఉబుంటుల్లో మీరు మార్చారని గమనించి ఏది ఉంచాలో అడుగుతుంది, /యూఎస్ఆర్‌లో ఆ మర్యాద ఉండదు. బ్రౌజర్ క్యాష్‌లో గానీ ఫోన్‌లో గానీ పాత పేజీ మిగిలి ఉందేమో వెంటనే చూడండి. కొత్తది /ఎస్ఆర్‌వి కింద పెట్టి, ఎన్‌జింక్స్ కాన్ఫిగ్‌లో రూట్ లైన్ మార్చండి, ఇక ఏ అప్‌డేట్ వచ్చినా దాని జోలికి రాదు.

ప్రశ్న: 4 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో సినిమాలు, పిల్లల ఫంక్షన్ వీడియోలు ఉన్నాయి. మినీ పీసీలో ఉబుంటు డెస్క్‌టాప్, దాంట్లో వీడియోలు ఇంట్లో అందరికీ చూపించే జెల్లీఫిన్. డిస్క్ నా ఫైల్ మేనేజర్‌లో తెరుచుకుంటుంది, జెల్లీఫిన్‌కి మాత్రం ఖాళీగా కనపడుతుంది. ఎలాగో తంటాలు పడి కనపడేలా చేస్తే కరెంట్ పోయి వచ్చాక మళ్లీ మొదటికే. (గృహిణి, కరీంనగర్)

జవాబు: డిస్క్ గుచ్చగానే అది /మీడియా కింద మీ యూజర్ పేరు మీద ఒక ఫోల్డర్‌లో మౌంట్ అవుతోంది (అంటే ఆ ఫోల్డర్‌గా తెరుచుకుంటోంది), ఆ మౌంట్ మీ లాగిన్ కోసం మాత్రమే. అందులోకి వెళ్లే హక్కు మీ యూజర్‌కే ఇస్తుంది, జెల్లీఫిన్ వేరే యూజర్ కాబట్టి దానికి లోపలేముందో తెలీదు. కరెంట్ పోయి వచ్చాక మీరు స్క్రీన్ ముందు కూర్చుని లాగిన్ అయ్యేదాకా డిస్క్ మౌంటే అవ్వదు. పెన్‌డ్రైవ్‌కి ఇది మంచి పద్ధతే, ఇంట్లో అందరికీ 24 గంటలు వీడియోలు ఇవ్వాల్సిన డిస్క్‌కి పనికిరాదు.

/ఎస్ఆర్‌వి/వీడియోలు అని ఖాళీ ఫోల్డర్ చేసి, /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ డిస్క్‌కి ఒక లైన్ రాయండి. డిస్క్‌ని యూయూఐడీతో (దానికుండే గుర్తింపు నంబర్‌తో) చెప్పాలి, ఎస్‌డీబీ లాంటి పేరుతో కాదు, పేర్లు బూట్ అయినప్పుడల్లా మారిపోవచ్చు, యూయూఐడీ బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిస్తుంది. ఆప్షన్లలో నోఫెయిల్ తప్పకుండా పెట్టండి. అది లేకుండా ఏదో ఒకరోజు డిస్క్ కేబుల్ ఊడి ఉన్నప్పుడు బూట్ చేస్తే సిస్టమ్ దానికోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి ఆగిపోతుంది, మానిటర్ లేని పీసీ అయితే ఏం జరిగిందో కూడా అర్థం కాదు.

కానీ నోఫెయిల్ పెట్టాక ఇంకో ప్రమాదం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. డిస్క్ మౌంట్ కాకపోయినా సిస్టమ్ మామూలుగా లేస్తుంది, /ఎస్ఆర్‌వి/వీడియోలు ఖాళీ ఫోల్డర్‌గా అక్కడే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రామ్ గానీ బ్యాకప్ స్క్రిప్ట్ గానీ రూట్ యూజర్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) నడుస్తూ అందులో రాసుకుంటూ పోతే మీ లోపలి చిన్న ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. తర్వాత డిస్క్ మౌంట్ అయ్యాక ఆ ఫైళ్లు దాని కిందపడి కనపడకుండా పోతాయి, స్పేస్ ఎక్కడికి పోయిందో తెలీక జుట్టు పీక్కోవాలి. దీనికి మందు, డిస్క్ మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్‌యాటర్ (chattr) కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టేయడం. అప్పుడు ఖాళీ ఫోల్డర్‌లో రూట్ కూడా ఏమీ రాయలేదు, వెంటనే ఎర్రర్ వస్తుంది. డిస్క్ మౌంట్ అయ్యాక దీని ప్రభావం ఉండదు, రాతలు మామూలుగా డిస్క్‌లోకే వెళ్తాయి.

మీ డిస్క్ విండోస్ నుంచి వచ్చి, దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉంటే ఓనర్, గ్రూప్ వివరాలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైన్‌లోనే ఇవ్వండి, ఎక్స్‌ఫ్యాట్‌లో లైనక్స్ పర్మిషన్లు దాచుకునే చోటే లేదు, సీహెచ్‌ఓన్ కమాండ్‌తో ఓనర్‌ని మార్చినా నిలవదు. ఇక ఆ డిస్క్ విండోస్‌కి తీసుకెళ్లే పని లేదంటే డేటా వేరేచోటికి కాపీ చేసుకుని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసేయడమే నా సలహా.

ప్రశ్న: ఆఫీసులో ఆల్మాలైనక్స్ సర్వర్. /డేటా అనే ఫోల్డర్‌లో సైట్ పెట్టాం, పర్మిషన్లు అన్నీ చూశాం, కాన్ఫిగ్ కరెక్టే, అయినా 403. ఒక కొలీగ్ ఎస్ఈలైనక్స్ ఆఫ్ చేస్తే వెంటనే వచ్చింది. అలా ఆఫ్‌లోనే వదిలేయొచ్చా? (హైదరాబాద్)

జవాబు: వద్దండీ, ఆఫీస్ సర్వర్‌లో అసలు వద్దు. రోగం ఎక్కడుందో మీ కొలీగ్ సరిగ్గానే పట్టుకున్నారు, మందు మాత్రం వేరు. మీ ఆల్మా కూడా ఉన్న రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలైనక్స్ అనే అదనపు కాపలా వల్ల ప్రతి ఫైల్‌కీ పర్మిషన్లతో పాటు ఒక లేబుల్ ఉంటుంది, అపాచీ వెబ్ కంటెంట్ లాంటి, తనకి ఒప్పుకున్న లేబుల్ ఉన్నవే చదువుతుంది. /వార్/ట్రిపుల్‌డబ్ల్యూలో పెడితే ఆ లేబుల్ దానంతటదే వస్తుంది, /ఎస్ఆర్‌వి కింద ట్రిపుల్‌డబ్ల్యూ అనే ఫోల్డర్ పెట్టినా పాలసీలో దానికి ముందే చోటుంది. /డేటా అనేది మీరు పెట్టుకున్న పేరు, పాలసీకి తెలీదు. సెమేనేజ్ కమాండ్‌తో ఆ పాత్‌కి వెబ్ కంటెంట్ లేబుల్ అని రూల్ రాసి, తర్వాత రిస్టోర్‌కాన్‌ని ఆ ఫోల్డర్ మీద నడపండి, చాలు. సీహెచ్‌కాన్‌తో నేరుగా లేబుల్ మార్చేయమని కొన్నిచోట్ల ఉంటుంది, అది రూల్‌గా నమోదు కాదు, ఎప్పుడైనా సిస్టమ్ మొత్తం రీలేబుల్ చేస్తే పోతుంది.

ఇంకో తమాషా, ఫైల్ మూవ్ చేస్తే పాత లేబుల్ వెంటపట్టుకుని వస్తుంది, కాపీ చేస్తే మామూలుగా కొత్త చోటి లేబుల్ తీసుకుంటుంది. హోమ్‌లో రెడీ చేసుకుని వెబ్ ఫోల్డర్‌లోకి మూవ్ చేసిన పేజీ ఒక్కటే తెరుచుకోక, పక్కనున్నవన్నీ తెరుచుకుంటుంటే కారణం ఇదే. ఒకే ఫోల్డర్‌ని అపాచీ, సాంబా రెండూ వాడాలంటే రెండిటికీ పనికొచ్చే పబ్లిక్ కంటెంట్ లేబుల్ విడిగా ఉంది, అది వాడండి.

ప్రశ్న: డాకర్‌లో (యాప్‌లని కంటెయినర్లనే విడివిడి డబ్బాల్లో నడిపేది) ఫ్యామిలీ ఫొటోల యాప్ నడుపుతున్నా. ఫొటోలు డాకర్ వాల్యూమ్‌లో ఉంచాలా, /ఎస్ఆర్‌విలో ఫోల్డర్ చేసి లోపలికి ఇవ్వాలా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: ఫొటోలు /ఎస్ఆర్‌విలో పెట్టండి, డేటాబేస్ వాల్యూమ్‌లో ఉంచండి. డాకర్ వాల్యూమ్ అంటే /వార్/లిబ్/డాకర్ లోపల డాకర్ తనకి తాను పెట్టుకున్న చోటు, యాప్‌ని ఆపే కంపోజ్ డౌన్ కమాండ్‌కి మైనస్ వీ తగిలిస్తే కంపోజ్ ఫైల్‌లో (యాప్ సెట్టింగ్స్ ఉండే ఫైల్‌లో) రాసిన వాల్యూమ్‌లు పేరున్నవి సహా తుడిచిపెట్టుకుపోతాయి, అడగదు కూడా. /ఎస్ఆర్‌వి నుంచి లోపలికి ఇచ్చిన ఫోల్డర్‌ని ఆ కమాండ్ ముట్టుకోదు. పైగా రేపు ఆ యాప్ నచ్చక ఇంకోటి వేసినా ఫొటోలు మామూలు ఫోల్డర్‌లో మామూలు ఫైళ్లుగానే ఉంటాయి, ఇంట్లో ఎవరైనా సరే తెరిచి చూసుకోవచ్చు. ఫోల్డర్ ఓనర్ నంబర్ కంటెయినర్ లోపలి యూజర్ నంబర్‌తో కలవాలి, పేరు కాదు నంబర్, అది కలవకపోతేనే పర్మిషన్ డినైడ్ వస్తుంది.

డేటాబేస్‌ని వాల్యూమ్‌లో ఉంచమన్నానని దాన్ని మర్చిపోకండి, ఆల్బమ్‌లు, మొహాలకి పెట్టిన పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లని అలాగే కాపీ చేస్తే అది బ్యాకప్ కిందకి రాదు, మళ్లీ లేవకపోవచ్చు. రోజుకోసారి డంప్ తీసి ఆ డంప్ ఫైల్‌ని ఫొటోల పక్కనే /ఎస్ఆర్‌విలో ఒక ఫోల్డర్‌లో పడేలా, టైముకి పని నడిపే క్రాన్ పెట్టుకోండి, అప్పుడు బయటి డిస్క్‌కి మీరు కాపీ చేయాల్సింది /ఎస్ఆర్‌వి ఒక్కటి, దాంతోపాటు మీ కంపోజ్ ఫైల్.